దియా వాలీకి నేను పెట్టిన ముఖం

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నోరు పెగల్లేదు. ఎన్నో ఏళ్లుగా ఒక పెద్దావిడ ముఖాన్ని గుండెల మీద మోస్తున్నాను. ఆ ముఖాన్ని ఆవిడ నుంచి తీసుకున్నది నేను. తీసుకోలేదని ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పిందీ నేనే.

నేను బొమ్మలు గీస్తాను. కాగితం మీద కాదు, టాబ్లెట్ మీద. భిలాయి చుట్టుపక్కల పెద్దవాళ్లు చెప్పుకునే పాత కథలకు ముద్దుముద్దు బొమ్మలు వేసి నా పేజీలో పెడతాను. నా బొమ్మల్లో గొర్రెలు మఫ్లర్లు కట్టుకుంటాయి. సున్నపురాళ్లకు చిన్న చిన్న కాళ్లుంటాయి. చందమామకు జలుబు చేస్తుంది. దయ్యాలకు బుగ్గలు పెట్టి బతికే మనిషినన్నమాట. కథను ముద్దుగా మార్చేస్తే అందులోని భయం పోతుందని అప్పట్లో అనుకునేదాన్ని. అది ఎక్కడికీ పోదని, వేరే ఇల్లు వెతుక్కుంటుందని తర్వాత తెలిసింది.

ఆ కథల్లో సగం నాకు చెప్పింది పైడమ్మత్త. చుట్టరికం లేదు, అలవాటైన పిలుపు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. మావయ్య నందిని అనే చోట సున్నపురాయి గనుల్లో పనిచేసేవాడు. ఆయన పోయాక భిలాయిలోనే, మా రిసాలీలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. సొంత పిల్లలు లేరు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ డ్యూటీలకు వెళ్లే ఇళ్ల పిల్లల్ని పగలంతా తన దగ్గర పెట్టుకునేది. అమ్మ పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తే నన్నూ అక్కడే వదిలేది. నాకు నడక వచ్చింది ఆ గుమ్మంలోనే. నాకొచ్చిన తెలుగులో మొదటి ముక్కలు ఆవిడవే, గుమ్మం దాటితే అంతా వీధి హిందీ. పిల్లల గోల లేకుండా ఆ ఇంటిని నేనెప్పుడూ చూడలేదు. ఆవిడకు పూజా పునస్కారమూ, సంపాదనా, సరదా అన్నీ ఆ గోలే.

ఇక దియా వాలీ కథ. అంటే దీపం మనిషి. గనులు తవ్వకముందు నందిని దగ్గర గొర్రెలు కాసుకునే ఒకతను, తప్పిపోయిన గొర్రె కోసం వెళ్లి తిరిగి రాలేదట. పెళ్లాం దీపం పట్టుకుని వెతకడానికి బయల్దేరింది. ఆవిడా రాలేదు. ఇప్పటికీ పొద్దుగూకే వేళ దీపం ఎత్తి, ఎదురైన ప్రతి మనిషి ముఖంలోకీ చూస్తుందట, తన మొగుడేమోనని. ఇంతవరకూ అందరూ చెప్పే కథే. పైడమ్మత్త మాత్రం చివర్లో గొంతు తగ్గించి ఒక మాట కలిపేది. గాలికీ ఎండకీ తిరిగి తిరిగి ఆ మనిషి ముఖం అరిగిపోయిందట. "దానికి మొకం నేదే. ఎవులిదైనా దొరికితే పెట్టుకుంటాది," అనేది. నేను బొమ్మ వేస్తానన్నప్పుడు కూడా అదే మాట. "ఏస్తే ఎయ్యి గానీ, మొకం మాత్రం గియ్యకు."

ముఖం లేకుండానే గీశాను మొదట. బాగా కుదరలేదు. అది నిజమా? లేక ముఖం లేని బొమ్మను జనం మెచ్చుకోరని నాకు నేనే నచ్చజెప్పుకున్నానా? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో, ప్రతిసారీ కొంచెం నాకు అనుకూలంగానే జవాబు వస్తుంది. అందుకే ఆ జవాబును నమ్మడం మానేశాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కరెంటు పోయింది. నేను అత్త తలుపు తట్టాను. ఆవిడ నూనె దీపం ఎత్తి పట్టుకుని, "ఎవులు?" అంటూ నా వైపు చూసింది. ముందు నన్ను గుర్తుపట్టలేదు. ఆ ఒక్క క్షణం ఆ కళ్లు నాలో వేరే ఎవరినో వెతికాయి. చేతిలో ఫోనుంది, ఫొటో తీసేశాను. ఆవిడకు తెలియదు.

ఇంటికొచ్చి ఆ ఫొటోను టాబ్లెట్‌లో కింది పొరగా పెట్టి, పైన వేరే పొరలో గీత గీత గీసుకుంటూ పోయాను. బుగ్గలు గుండ్రం చేశాను, కళ్లు పెద్దవి చేశాను, దీపానికి రెండు చిట్టి కాళ్లు పెట్టాను. పని అయ్యాక ఫొటో కనిపించకుండా చేశాను. ఒక్క మీట నొక్కితే చాలు. కింద ఉంటుంది, ఎవరికీ కనిపించదు.

ఆ బొమ్మ నాకు ఎక్కడలేని పేరు తెచ్చింది. ఈ ముఖం మీకెలా తట్టిందని అడిగారు జనం. కలలో కనిపించిందని రాశాను. అలా రాస్తే బాగుంటుందనిపించింది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

ఆ ఏడు దసరాకు రిసాలీలో పందిరి వేసినవాళ్లు నన్నడిగి ఆ బొమ్మను మనిషికి రెండింతల ఫ్లెక్సీగా వేయించారు. వెనక లైటు పెట్టారు. సరిగ్గా అత్త ఇంటికి వెళ్లే దారిలో. మర్నాడు పొద్దున నేను అత్త దగ్గర టీ తాగుతున్నాను. తల్లి చెయ్యి పట్టుకుని వచ్చిన నాలుగేళ్ల పిల్ల, అత్తను చూస్తూనే "దియా వాలీ!" అని కెవ్వున అరిచి వెనక్కి పరిగెత్తింది. ముందురోజు దాకా ఆ ఒళ్లోనే నిద్రపోయిన పిల్ల. తల్లి నవ్వేసింది. అత్తా నవ్వింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. తర్వాత ఇంకొకరు. పండగ దాటేసరికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. కుళాయి దగ్గర ఎవరో "టోన్హీ" అన్నారని అమ్మ చెప్పింది. చేతబడి చేసే ఆడదాన్ని ఇక్కడ అలా అంటారు. ఆ మాట అంటుకున్న మనిషి బతుకు ఏమవుతుందో ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియంది కాదు.

అత్త నన్ను పిలిపించింది. వెళ్లేసరికి గది మధ్యలో చీర ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంది. దాని పక్కనే కూర్చుంది.

"నిజం సెప్పే. ఆ బొమ్మ నన్ను సూసి గీసావా?"

"లేదత్తా."

"నీ కల్లోకొచ్చిందని అంతన్నారు. అదేనా?"

"అదే."

అత్త ఉయ్యాలకేసి చూసింది. "నన్ను సూసే గీసానంటే బాగుణ్ణే. ఆ తల్లులకి ఓ ముక్క సెబుతువు, అయిపోను." తర్వాత తన చెంపను చేత్తో నెమ్మదిగా తడుముకుంది. "గీయనేదంతన్నావు. మరైతే నా మొకం దానికి దొరికిపోనాదే."

అప్పుడైనా చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదు? కల అబద్ధమని తేలితే నా పరువు పోతుందని. అంతే. ఆవిడ నన్ను తిడుతుందన్న భయం కూడా కాదు. తిట్టదని తెలుసు. నేను చెప్పిన ఆ ఒక్క "లేదు"తో దియా వాలీ ఆవిడకు నిజమైపోయింది. నందిని దారుల్లో తన ముఖం పెట్టుకుని ఇంకెవరో తిరుగుతున్నారని ఆవిడ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? తను పెంచిన పిల్ల తనతో అబద్ధమాడదు అనుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో అద్దం మీద పాత చీర పడింది. పొద్దుగూకకముందే తలుపు మూసేస్తుంది. తట్టినా "ఎవులు?" అనదు. వచ్చినవాళ్లే పేరు చెప్పుకోవాలి. దీపం చేత్తో ముట్టుకోదు. చీకటి పడుతుండగా గుమ్మం బయట ఆకులో పిడికెడు అన్నం పెడుతుంది. దాని ఆకలి తీరితే తన ముఖం తనకిచ్చేస్తుందట. పొద్దున ఆకు ఖాళీగా ఉంటుంది. కుక్కలే తింటాయని నాకు తెలుసు. తెలిసినా, అటుగా వెళ్లినప్పుడు ఆ ఆకు వైపు చూడలేను.

బొమ్మను నా పేజీ నుంచి తీసేశాను. అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కడిగినా ఏం పోయింది గనక.

పోయిన చలికాలంలో ఇక ఉండబట్టలేక టాబ్లెట్ తీసుకుని అత్త దగ్గరికి వెళ్లాను. అప్పుడు నేను చెప్పింది అబద్ధమన్నాను. బొమ్మ తెరిచి, దాచిన ఫొటోను పైకి తెచ్చి చూపించాను. ఇదిగో నువ్వే, ఇది నీ గుమ్మమే, ఆ రోజు కరెంటు పోయింది, నేనే తీశాను అని ఏడుస్తూ చెప్పాను. అత్త ఆ ఫొటోను చూడగానే వెనక్కి జరిగింది.

"ఇది నాను కాదే," అంది. "నానెప్పుడు ఇలా సూసాను? ఇది అదే. నా గుమ్మం దాకా వొచ్చేసిందన్నమాట."

ఎంత చెప్పినా వినలేదు. తన భయం పోగొట్టడానికి నేను అబద్ధమాడుతున్నానంది. తర్వాత నన్ను దగ్గరకు లాక్కుని, నుదురు, ముక్కు, చెంపలు వేళ్లతో ఒక్కొక్కటే తడిమి చూసింది. చిన్నప్పుడు స్నానం చేయించి తుడిచినప్పటి చేతులే అవి.

"నీ మొకం నీకే ఉన్నాది. అదే పదివేలు. ఆ బొమ్మకేసి మళ్లీ సూడకు."

క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని. అడిగే వీలే లేకుండా పోయింది. తప్పే జరగలేదనుకునే మనిషి దేన్ని క్షమిస్తుంది? ఆ రోజు ఆమె తలుపు దగ్గర నిజం పట్టుకుని నిలబడ్డాను, ఆ నిజాన్ని ఆవిడ లోపలికి రానివ్వలేదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. నా మీద మీకు ప్రేమ లేదు. కాబట్టి మీరు నమ్ముతారు.

దియా వాలీ ఉందో లేదో నాకు తెలియదు. ఆ బొమ్మలో ఉన్నది మాత్రం పైడమ్మత్త ముఖం. నేనే తీశాను, నేనే గీశాను, అడిగితే లేదన్నాను. ఈ నాలుగు ముక్కలూ రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. బయట పొద్దుగూకుతోంది. అత్త ఈపాటికి గుమ్మం బయట ఆకు వేసి, అన్నం పెట్టి, తలుపు మూసుకుని ఉంటుంది.