పెద్దమ్మ మంచం కింది పెట్టెలు

పోయిన నెల మా ఊరు బాగన్ దాతుక్ నుంచి ఫోనొచ్చింది, మా పెద్దమ్మ పోయిందని. ఏడ్చాను. పదకొండో రోజుకి ఏడుపు పోయి ఒళ్ళు మండింది. ఇంకా చల్లారలేదు.

పెద్దమ్మ మా తాతగారి పెద్ద కోడలు. తాతగారు ఇక్కడ మలేషియాలో కొబ్బరి ఎస్టేటులో గుమాస్తాగా చేరి, కూలీలతో సంఘం పెట్టి, ఎన్నికల్లో గెలిచి, ఓడి, ఆ చుట్టుపక్కల పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన ఉత్తరాలు, అర్జీలు, ఉపన్యాసాల చిత్తుప్రతులు అన్నీ నాలుగు రేకు పెట్టెల్లో ఆమె దాచింది. సముద్రపు గాలికి అక్కడ ప్రతిదీ బూజు పడుతుంది. అందుకని ఎండ కాసినప్పుడల్లా వాకిట్లో చాప పరిచి, వడియాల్లా కాగితాలు ఆరబెట్టేది. ఎగరకుండా మీద గులకరాళ్ళు. మబ్బు పడితే పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తేది. ఆ మాడిన కూరలు మేం చాలానే తిన్నాం.

ఓసారి తాతగారిని తిడుతూ కూలీలు రాసిన ఉత్తరం కనబడి, "ఇదెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఏటే అలగంటావు? పొగిడిన కాయితాలే దాస్తే మీ తాత దేవుడైపోతాడు. మడిసేనే ఆయన. తిట్లు కూడా ఎండలో ఎట్టు," అంది.

ఆమె పుణ్యమా అని మా తాత నాకు మనిషిగా తెలిశాడు.

పెట్టెలు తన మంచం కిందే ఉంచుకుంది. అదే కొంప ముంచింది. పోయినవాళ్ళ పరుపు, బట్టలు ఇంట్లో ఉంచరు కదా. రాజకీయాల్లో తిరుగుతున్న మా చిన్నాన్న కొడుకు మంచం కింద ఉన్నదంతా ఆ లెక్కలోనే వేశాడు. పదకొండో రోజున నేను ఉండే క్లాంగ్ నుంచి చేరేసరికి పెరట్లో పరుపుతోపాటు మూడు పెట్టెల కాగితాలు కాలుతున్నాయి.

"ఏటన్నా ఇది!" అని అరిచాను.

"మంచం కిందియి కదే, మైల లా! అయినా ఎవులు సదువుతారు అవన్నీ?" అన్నాడు, మాట చివర మలయ్ వాళ్ళ "లా" తగిలించి.

తాతగారి పేరు చెప్పుకుని ఓట్లడిగే నోరది! ఆయన ఫొటోకి దండ వేయకుండా ఒక్క సభ మొదలుపెట్టడు. మైలట! మైలంటూ ఉంటే ఆ అగ్గిపెట్టె పట్టుకున్న చేతికుంది.

నాలుగో పెట్టె ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. నేనే ఎత్తి కారులో పెట్టుకున్నాను. వాకిట్లో ఆమె రాళ్ళు కూడా ఏరుకొచ్చాను.

నిన్న ఆ అన్నే ఫోన్ చేశాడు. ఎన్నికలొస్తున్నాయట. తాతగారు జనానికి దండం పెడుతున్న ఫొటో ఆ పెట్టెలో ఉందేమో చూడమన్నాడు, బ్యానరుకి.

"ఉందన్నా. తిట్లు కూడా ఉన్నాయి. కావాలంటే వచ్చి నాతోపాటు అన్నీ ఎండబెట్టు," అన్నాను.

ఫోను పెట్టేశాడు.

ఈ ఉదయం మా ఫ్లాటు బాల్కనీలో చాప పరిచాను. కూలీల తిట్ల ఉత్తరం మిగిలింది. దాని మీద పెద్దమ్మ రాయి పెట్టాను. గాలికి కాగితం అంచు లేస్తోంది, రాయి కదలడం లేదు.