మూడో బంతి

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కనున్న పెద్దాయన చేతిలో మూడు బంతులూ ఒక గొట్టమూ ఉన్న ప్లాస్టిక్ పరికరం ఉంది. ఆయన బుగ్గలు పూరించి గొట్టంలోకి ఊదుతున్నాడు. ఒక్క బంతీ కదలడం లేదు.

"కడుపులో ఆపరేషనైనాది, ఇంటికెళ్తన్నాను," అన్నాడు. "మత్తిచ్చినపుడు ఊపిరితిత్తుల అడుగున గాలి అరలు మూసుకుపోతాయట. రక్తం అక్కడిదాకా వెళ్లి, గాలి దొరక్క ఉత్తినే తిరిగొచ్చేస్తాదట. ఈ బంతులు లేపితే అరలు తెరుచుకుంటాయని డాక్టరు దీదీ చెప్పినాది. ఈ మిషనేటో పాడైపోనాది."

ఆ పరికరం వచ్చిన అట్టపెట్టె మీది బొమ్మ చూశాను. "ఊదడం కాదు బాబాయ్, లోపలికి లాగాలి."

ఆయన నవ్వబోయి, కుట్లు నొప్పెట్టి పొట్ట పట్టుకున్నాడు. "రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు బ్రేకులు చూసినానమ్మా. పైపు కనబడితే ఊది చూడ్డమే అలవాటు. ఇదేమో పాతకాలం వాక్యూమ్ బ్రేకన్నమాట. గాలి లాగితేనే బ్రేకు వదుల్తాది, బండి కదుల్తాది."

తువ్వాలు మడిచి కుట్లమీద అదిమిపట్టి లాగాడు. ఒక బంతి లేచింది, తర్వాత రెండోది. మొహం ఎర్రబడినా వదల్లేదు. మూడోది టక్కున పైన తగిలింది. ఎదుటి బెంచీ మీది బెంగాలీ కుటుంబమంతా చప్పట్లు కొట్టింది. ఆయన తువ్వాలు తీసి గార్డు జెండాలా ఊపాడు.

ఇది జరిగిన కొన్నేళ్లకు, మొన్న నా ఆపరేషనయ్యాక నర్సు అలాంటి పరికరమే తెచ్చింది. ఆమె చెప్పేలోపే దిండు కుట్లమీద అదిమిపట్టి లాగాను. మూడోదీ లేచింది.

"ముందెప్పుడైనా వాడారా?" అంది.

"లేదు. మాది వాక్యూమ్ బ్రేకు," అన్నాను.