గడపకు తుమ్మకంప

ఆదోనిని ఆనుకొని ఉన్న మా ఊళ్లో వలసపోయేవాళ్లు ఇంటికి తాళం వేసి ఊరుకోరు. కుక్కలు అరుగెక్కకుండా గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టి మరీ పోతారు. ఏటా దీపావళి దాటాక గుంటూరు వైపు మిరపకోతలకు బయలుదేరేవాళ్లు. ఈసారి వాన మొహం చాటేసింది. పత్తిచేలు నిలువునా ఎండిపోయి, దసరాకు ముందే మా వీధిలో సగం గడపలకు కంపలు పడ్డాయి.

నాకా బాధ లేదు. ఊరి చివర పత్తిమిల్లులో పని నాది.

మొన్న మధ్యాహ్నం అన్నం తిని, రెండో షిఫ్టు సైరన్ కోసం అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటామె పిల్లల్ని ఆటో ఎక్కించి, తన గడపకు కంప పెట్టింది. ఇంకో కంప ఈడ్చుకొచ్చి మా గోడకు ఆనించింది.

నాకు ఒళ్లు మండింది. “మేం యాడికీ పోయేది లేదు. ఎత్తి పారెయ్ దాన్ని!”

“మాకు కొట్టుకొచ్చేటప్పుడే మీకూ ఒగటి కొట్టుకొచ్చినానన్నా. ఉండనీలే,” అని ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగాక, దిబ్బలో పారేద్దామని కంప పట్టుకున్నాను. సైరన్ వేళ అప్పటికే దాటిపోయింది. మిల్లు వైపు చెవి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. మోగలేదు.

కంపను మళ్లీ గోడకే ఆనించాను.