మూడు రంగుల వైరు

నిన్న సాయంత్రం వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే, హాల్లోంచి నా ఎనిమిదేళ్ళ కొడుకు కౌశిక్ గొంతు వినిపించింది. "ఇది బోర్‌రా, నాది వచ్చేదాకా ఫార్వర్డ్ చేసేద్దాం." కత్తి పక్కన పెట్టి తొంగిచూశాను. వాళ్ళ స్కూలు వార్షికోత్సవం వీడియోను మావారు ఫోన్లోంచి గోడంత టీవీకి ఎక్కించి బయటికి వెళ్ళారు. వీడు దాటవేసింది పక్కనే కూర్చున్న స్నేహితుడు, కింది ఫ్లోర్ చరణ్ పాడిన పాటను. చరణ్ లేచాడు. "అమ్మ పిలుస్తోంది" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు. పిల్లలకు ఒళ్ళు వెచ్చబడితే, మెట్ల మీద పరిగెడితే కంగారుపడటం నాకు అలవాటే గాని, సోఫాలో హాయిగా కూర్చున్న కొడుకును చూసి భయపడటం ఇదే మొదటిసారి.

పిల్లలు పడుకున్నాక బీరువా కింది అరలోంచి ఒక పాత వైరు తీశాను. రెండు చివరలా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మొనలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడెక్కిన రబ్బరు వాసన ఇంకా ఉంది.

నాకు పదేళ్ళప్పుడు నేరేడ్‌మెట్‌లో రెండు గదుల కింది వాటాలో ఉండేవాళ్ళం. తెల్లారగట్ల మిలటరీ వాళ్ళ బూర వినబడేది. ఎండలు ముదిరితే అమ్మ గుమ్మానికి తడిపిన గోనెపట్టా కట్టేది. ఆ తడి గోనె వాసనా, విజయనగరం నుంచి అమ్మమ్మ పంపిన మామిడి తాండ్ర పులుపూ, చల్లటి గచ్చు మీద అష్టాచెమ్మా గవ్వల చప్పుడూ కలిస్తేనే నాకు వేసవి. నాన్న రాణిగంజ్‌లో ఒక మందుల గోదాములో గుమస్తా. పైవాటాలో ఉండే ఇంటి ఓనర్లు గుంటూరు వైపు నుంచి వచ్చిన వ్యాపారస్తులు. వాళ్ళ పెద్దబ్బాయికి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక మొదట పెద్ద టీవీ, ఆ వెనకే ఫారిన్ డీవీడీ ప్లేయర్ మెట్లెక్కాయి. చిన్నపిల్ల హారిక నా క్లాసే.

ఆ ఏడు స్కూలు వార్షికోత్సవంలో నేను చిలకల డాన్సులో ఉన్నాను. ఆకుపచ్చ శాటిన్ గౌను, ఎర్ర కాగితం ముక్కు. స్టేజి మీంచి ఎంత వెతికినా నాన్న కనబడలేదు. రాత్రి ఇంటికొచ్చి, "వచ్చేనమ్మా. ఎనక నీళ్ళ డ్రమ్ము పక్కన నిల్చున్నాను. నీ డాన్సవగానే పరిగెత్తేను, మళ్ళీ గోదాముకెళ్ళాలి కదా" అన్నాడు. అబద్ధం అన్నాను. మర్నాటి నుంచి ఆయన పలకరిస్తే ఊఁ, ఊహూఁ తప్ప జవాబు లేదు.

స్కూలువాళ్ళు తలా ఒక డిస్కు ఇచ్చిన రోజు ఓనరాంటీ మమ్మల్ని పైకి పిలిచింది. వాళ్ళు సోఫాలో, మేం గడప దగ్గర చాప మీద. అద్దంలా ఉంది బొమ్మ. చిలకలు స్టేజి ఎక్కాయో లేదో ఆంటీ, "ఇవన్నీ ఏం చూస్తాంలేమ్మా, మా హారికది పెట్టు" అంది. అంతే, చిలకలు గిరగిరా పరిగెత్తి మాయమయ్యాయి. డాన్సు చివర కెమెరా జనం మీదికి తిరిగిందని నాకు తెలుసు, స్టేజి మీంచి చూశాను. నాన్న మాట నిజమో కాదో ఆ కాస్త ముక్కలోనే ఉంది. ఇన్నేళ్ళయినా ఆ ఫార్వర్డ్ మీద నా కోపం చల్లారలేదు. కాస్త ఆగితే వాళ్ళకు పోయేదేమిటి?

వారం తిరక్కుండా నాన్న ఊరూ పేరూ లేని కంపెనీ ప్లేయరొకటి తెచ్చాడు. మా టీవీకి తగిలించి డిస్కు పెడితే చిలకలన్నీ కరిగి ఒక్క పచ్చటి ముద్ద. డ్రమ్ము లేదు, మనిషి లేడు, జనం వెనక తెల్లటి మరకేదో ఊగుతోంది. నీళ్ళ మోటారు వేయడానికి దిగిన ఆంటీ కిటికీలోంచి తొంగిచూసి, "చీప్‌గా వస్తుందని కొంటే అంతేనండి. చిలకలా అవి? గోంగూర కట్టల్లే ఉన్నాయి" అని నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆదివారం నాన్న ప్లేయర్ పట్టుకుని చౌరస్తాలో మెకానిక్ దగ్గరికి వెళితే నేనూ వెంట వెళ్ళాను. "ప్లేయర్ మంచిగనే ఉంది సార్. పసుపు వైరు ఒక్కటే పెడితే గిట్లనే రంగులు పూస్తయి. ఎనక జెర చూడున్రి, ఎర్ర, పచ్చ, నీలం సాకెట్లు సుత ఉన్నయి" అని ఈ వైరు చేతిలో పెట్టాడు.

అది తగిలిస్తే మనుషులంతా ఆకుపచ్చగా అయిపోయారు. ప్లేయర్‌తో వచ్చిన, చీమ తలకాయంత అక్షరాల ఇంగ్లీషు పుస్తకాన్ని నాన్న డిక్షనరీతో చదివి, మెనూలో ఏది మార్చాలో క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ గీసుకున్నాడు. టీవీలో షోరూంవాడు పెట్టి పంపిన వెలుగూ రంగూ సగానికి దించాడు. బొమ్మ చుట్టూ తెల్లగీతలు పోయేదాకా షార్ప్‌నెస్ తగ్గించాడు. కిటికీకి దుప్పటి కట్టాడు. కొన్ననాటి నుంచీ టీవీ తెర మీదున్న ప్లాస్టిక్ కాగితం పీకబోతే అమ్మ అడ్డం వచ్చింది. "ఏటి, అదీ పీకేస్తారా? కొత్తదనం పోదూ?" పీకేశాడు.

డిస్కు పెట్టాడు. చిలక పక్కన చిలక, విడివిడిగా. నా ముక్కుకు కట్టిన దారం కూడా తెలుస్తోంది. కెమెరా తిరిగింది. వెనక నీలం డ్రమ్ము, దాని పక్కన మీగడ రంగు చొక్కాలో నాన్న, రెండు చేతులా చప్పట్లు కొట్టడానికి వీలుగా టిఫిను సంచీని చంకలో ఇరికించుకుని.

పాజ్ నొక్కి, నావైపు చూడకుండా, "డ్రమ్ము బాగా తెలుస్తంది కదా?" అన్నాడు.

నేను వెళ్ళి ఆయన వీపుకు మొహం ఆనించాను.

ఎదిగిన మనిషి, తాను చెప్పింది నిజమని కన్నకూతురికి చూపించుకోవడానికి వైర్లతో అన్ని తిప్పలు పడాలా? మంచి బొమ్మ ఉన్న ఇంట్లో అర నిమిషం ఓపిక లేకపోయింది. ఆంటీ సంగతి సరే, నాన్న మాట కంటే బొమ్మనే నమ్మిన నన్నేమనాలి?

ఆ ఇంటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది, మెకానిక్ కొట్లో ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ప్లేయర్ పాతసామాన్ల వాడి బండెక్కింది, డిస్కు గీతలు పడి ఆడటం మానేసింది. మేముంటున్న యాప్రాల్ ఫ్లాట్‌లో కొత్త టీవీ వెనక ఈ వైరు పెట్టే చోటే లేదు.

ఈ పొద్దున టిఫిను డబ్బాలు సర్దుతూ కౌశిక్‌నీ, వాడి చెల్లెల్నీ ఎదురుగా నిలబెట్టాను. "సాయంత్రం ఇద్దరూ కిందికి వెళ్ళి చరణ్‌ను పిలుచుకు రండి. వీడియో మొదటి నుంచి పెట్టండి. రిమోట్ వాడి చేతిలో ఉంటుంది."

"నా డాన్సు వాడు ఫార్వర్డ్ చేసేస్తే?" అన్నాడు కౌశిక్.

"చేస్తే చెయ్యనీ. నువ్వు మాత్రం లేచి వెళ్ళకు" అన్నాను.