శిరివెళ్ల దాటాలి

ఎనిమిదో తరగతిలోనే నాకు నంద్యాల కాలేజీ మీద మనసు పడింది. మా ఆళ్లగడ్డ బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ అక్కడే చదివింది. ఆమెలాగే నేనూ తెల్లకోటు తొడుక్కుని ల్యాబులో నిలబడాలని కోరిక. హాస్టలంటే నాయన వినడు. "రోజూ పోయి రా, నేను వద్దనను" అన్నాడు. చిక్కంతా ఒక్కటే, నాకు బస్సు పడదు.

అదీ మామూలుగా కాదు. ఆళ్లగడ్డలో ఎక్కితే శిరివెళ్ల వచ్చేసరికి కక్కేసేదాన్ని. ఒకసారి పక్క సీటు పెద్దమనిషి పంచె పాడైంది. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయలేను. చుట్టాలకు నేను నవ్వులాట అయిపోయాను. "శిరివెళ్ల దాటలేని పిల్ల కాలేజీ యాడ చదువుతాదప్పా?" అనేవాళ్లు. లెక్కల్లో క్లాసు మొత్తానికీ నేనే ముందు. అలాంటిదాన్ని బస్సు కిటికీ దగ్గర ఓడిపోతుంటే ఒళ్లు మండేది.

నాయన టైలరు. దారాలు, గుండీలు, లైనింగు గుడ్డ తేవడానికి నంద్యాల పోయేవాడు. "ఒంటికి అలవాటు చేయాల" అని సెలవు రోజుల్లో నన్నూ వెంటబెట్టుకునేవాడు. పదో తరగతి అయ్యేదాకా నా కాలేజీ కోచింగంటే అదే. నిమ్మకాయ వాసన చూశాను, చింతపండు చప్పరించాను, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. ఏదీ పని చేయలేదు.

బయల్దేరే ముందు మా జేజి నాకు తినిపించేది. జేజి అంటే నాయనను కన్న తల్లి. అమ్మ పొద్దంతా కాజాలు కుడుతూ ఉంటే నన్ను పెంచింది ఆమే. చిన్నప్పటి నుంచీ ఇద్దరం ఒకే స్టీలు తట్టలో తినేవాళ్లం. "ఖాళీ కడుపుతో బండెక్కగూడదు" అంటూ తట్టనిండా బొరుగుల ఉగ్గాని, పైన మిరపకాయ బజ్జీలు పెట్టేది. బిస్మిల్లా అని మొదటి ముద్ద తనే నా నోట్లో పెట్టేది. వద్దంటే అలిగేది. నాయన వాళ్లమ్మ మాట కాదనడు. వాడిన మొహంతో తిరిగొస్తే జేజి కొంగుతో తుడిచి, "చెప్పలా నేను? ఈ పిల్లకు బస్సు పడదు. ఈడనే చదవనీ" అనేది.

పదిలో మంచి మార్కులొచ్చాయి. నంద్యాలలో సీటూ వచ్చింది. నాయన మాత్రం తేల్చి చెప్పాడు. "మొదటి రోజు బాగా పోయొస్తే సరే. ల్యాకుంటే ఈడనే చేరు పాపా."

ఆ రోజు పొద్దున అలవాటు ప్రకారం తట్ట ముందు కూర్చున్నాను. తట్ట ఖాళీ. జేజి నా సంచిలో టిఫిను డబ్బా పెడుతోంది.

"ఈ పొద్దు ఏం తినొద్దు. రెండు గుక్కల నీళ్లు తాగు, చాలు. నంద్యాలలో దిగినాక తిందువులే."

నాకు అప్పుడు వెలిగింది. "మరి ఇన్నాళ్లూ మెడదాకా తినిపిస్తివే?"

"తినిపిస్తి" అంది జేజి, ఏమాత్రం తడబడకుండా. "బస్సు పడకుంటే నా కాడనే ఉంటావనుకొంటి. సీటొచ్చినపుడు నీ మొగం చూస్తి. ఇంక మనసొప్పలే."

నాకు కోపం వచ్చింది. బస్టాండు దాకా జేజిని తిట్టుకుంటూనే నడిచాను. బస్సెక్కాక నవ్వొచ్చింది. లెక్కల్లో క్లాసుకే ముందున్న నాకు ఈ చిన్న లెక్క తట్టలేదు మరి! కండక్టరు "శిరివెళ్ల, శిరివెళ్ల" అని అరిచాడు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు, బస్సు కదిలింది. నా కడుపు కిక్కురుమనలేదు. నంద్యాలలో దిగి నాయనకు ఫోన్ చేసి చెప్పాను. డబ్బా తెరిస్తే ఇద్దరికి సరిపోయే ఉగ్గాని ఉంది. ఒక్కదాన్నే తినలేక సగం మిగిల్చాను.

సాయంత్రం జేజి గడపలోనే కూర్చుని ఉంది. నా మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దాటినావా?"

"దాటినా జేజీ. నువ్వేం తింటివి?"

"ఏం తినలే."

"పొద్దున్నే నాయనకు ఫోన్ చేసి చెప్తి కదా!"

"చెప్పినాడులే. ఫోన్లో మొగం కనపడతాదా? ముద్ద యాడ దిగుతాది?" అని సంచిలోంచి డబ్బా తీసి, మిగిలిన ఉగ్గాని తట్టలో వేసింది. "రా, కూచో."