ఇద్దరక్కల చివరి మ్యాచ్

నేను బాస్కెట్‌బాల్ క్లబ్బులో చేరిన మొదటి ఉదయమే పెద్దక్క మోచెయ్యి నా ముక్కు మీద పడింది. బంతి కోసం ఇద్దరం ఒకేసారి ఎగిరాం. ఆవిడ దాన్ని రెండు చేతులతో లాక్కుని, కిందికి దిగుతూ ఒళ్లు ఒక్కసారి గిర్రున తిప్పింది. ఎముక చిట్లిన చప్పుడు నా తల లోపల వినిపించింది. చందానగర్‌లో పార్కు వెనకాల ఉన్న ఆ సిమెంటు కోర్టు మీద మోకాళ్ల మీద కూలబడి, నా రక్తాన్ని నేనే దోసిట్లో పట్టుకున్నాను. ఆవిడ అయ్యో అనలేదు. తన తువ్వాలు నా ముఖానికి అదిమి, స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలో ఒక్క మాటే అంది.

"ఎగిరేటప్పుడు కండ్లు మూస్కున్నవ్. గందుకే తగిలింది."

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. నాన్న గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన ప్రభుత్వోద్యోగి. మా ఇంట్లో గొంతు పెంచి మాట్లాడటమే తప్పు. ముక్కుకి కట్టుతో వచ్చిన నన్ను చూసి అమ్మ ఇక ఆ వైపు వెళ్లొద్దంది. పై నెలలో కట్టు విప్పిన వారమే మళ్లీ వెళ్లాను. ఆఫీసులో ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ కోర్టు మీద ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుని, పడగొట్టుకుని, లేచి మళ్లీ తోసుకుంటుంటే చూడటానికే ఒళ్లు తేలికయ్యేది.

క్లబ్బులో అందరం ఇద్దరి కోసం వచ్చేవాళ్లం. పెద్దక్క, చిన్నక్క అనేవాళ్లం గానీ వాళ్లు తోబుట్టువులు కాదు. పెద్దక్కది శేరిలింగంపల్లి పాత ఊరు. బాలానగర్‌లో యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని. రోజంతా ఇనుప ముక్కలు ఎత్తి దించిన చేతులు ఆవిడవి. చిన్నక్క కృష్ణా జిల్లా మనిషి. ఆటల కోటాలో వచ్చిన గుమాస్తా ఉద్యోగం, మెత్తటి మాట. ఇద్దరూ పద్దెనిమిదేళ్లు ఆ ఒక్క జట్టుకే ఆడారు. కంపెనీల జట్లు పిలిచినా వెళ్లలేదు. చిన్నక్క ఎటో చూస్తూ బంతి వదిలేది. అది వెళ్లే చోటికి పెద్దక్క ముందే చేరి ఉండేది. రింగు కింద ఆవిడ నిలబడితే అవతలి వాళ్లు చుట్టూ తిరిగి రావాల్సిందే.

అయితే నిజం చెప్పాలి. ఆ ఇద్దరూ కొట్టేవాళ్లు. రిఫరీ అటు తిరగ్గానే పెద్దక్క పిడికిలి ఎవరి పక్కటెముకల్లోనో దిగేది. ఒక సీజన్లో ఒకమ్మాయి భుజం కీలు తప్పించింది. ఎగిరిన మనిషి దిగే చోట పాదం ఎలా పెట్టాలో మాకు చూపించింది కూడా ఆవిడే. అలా పెడితే దిగినవాళ్ల చీలమండ మెలిక పడుతుంది, మనిషి కుప్పకూలుతుంది, చూసేవాళ్లకి తనంతట తను పడ్డట్టుంటుంది. అలాంటి కొట్లాటల్లోనే విరిగిన చిన్నక్క కుడి చేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. ఒకసారి కొందరు మగాళ్లు మా కోర్టు మీద క్రికెట్ మొదలుపెట్టి, లెమ్మంటే నవ్వి, ఒకడు చిన్నక్క జడ పట్టి లాగాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి బంతిని వాడి నోటి మీదికి విసిరింది. వాడు పళ్లు ఉమ్మాడు. రెండోవాణ్ని పెద్దక్క బోర్లా పడేసి వీపు మీద కూర్చుంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్లొచ్చి ఇద్దరూ మిగతా ప్రాక్టీసు పూర్తి చేశారు. మేం ఆ కథ కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ గొప్పగా చెప్పేవాళ్లం.

నలభై దాటాక ఆ దెబ్బలు వాళ్ల మీదికి మళ్లాయి. పెద్దక్క ఎడమ మోకాలు ప్రతి మ్యాచ్ తర్వాత గుమ్మడికాయలా వాచేది. సూదితో నీరు తీయించుకుని మళ్లీ వచ్చేది. కంపెనీల జట్లలో జిమ్ముల్లో తయారైన అమ్మాయిలు ఆ మోకాలిని కనిపెట్టేశారు. స్క్రీన్ పెట్టే వంకతో, అంటే దారికి అడ్డం నిలబడుతున్నట్టుగా, దాన్ని తమ మోకాళ్లతో పొడిచేవాళ్లు. పోయినేడాది వానాకాలంలో ఒక ఆదివారం ఆవిడ బూట్లు విప్పుతూ, ఇగ ఈ సీజనే ఆఖరు అంది. చిన్నక్క తల ఎత్తకుండా, నేనూ అంతే అంది.

ఫైనల్‌కి చేరాం. ఆ రోజు ఇద్దరికీ సన్మానం చేయాలని క్లబ్బు నిర్ణయించి పని నాకు అప్పగించింది. శాలువాలు, పూలదండలు, ఫ్రేము కట్టించిన ఫొటోలు. చిన్నక్క నన్ను పక్కకి పిలిచి, మ్యాచ్ అయ్యాక పెట్టుకోండమ్మా, ముందే దండ వేసేస్తే కాళ్లు కదలవు అంది. నేను సరేనన్నాను. తీరా ఆ రోజు ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి అరగంటలో వెళ్లిపోవాలన్నాడు. క్లబ్బు వాళ్లు కానిచ్చేయమన్నారు. నేను కాదనలేకపోయాను.

ఫైనల్ హైటెక్ సిటీలోని ఒక కంపెనీ ఆవరణలో. చెక్క నేల, ఏసీ, మూడు వైపులా అద్దాలు. గేటు దగ్గర మా అందరి మెడల్లో విజిటర్ ట్యాగులు వేశారు. ఇద్దరక్కలూ జెర్సీల మీద శాలువాలు కప్పుకుని, మెడల్లో దండలతో, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కుర్చీల్లో కూర్చున్నారు. ఆ పెద్దమనిషి సోదరభావం గురించి, క్రీడాస్ఫూర్తి గురించి మాట్లాడాడు. అవతలి జట్టు అమ్మాయిలు వరసగా నిలబడి మర్యాదగా చప్పట్లు కొట్టారు. వాళ్లలో రింగు కింద ఆడే ఆరడుగుల సెంటర్ ఒకతి ఉంది. పాతికేళ్లుంటాయి. చప్పట్లు కొడుతూ ఆమె పెద్దక్క మోకాలి పట్టీ వైపే చూస్తోంది.

బంతి పైకి లేచిన మొదటి నిమిషంలోనే ఆ మోకాలి మీద దెబ్బ పడింది. పెద్దక్క కుంటుతూ లేచింది. రెండో క్వార్టర్లో ఆ పొడవాటి అమ్మాయి మోచెయ్యి చిన్నక్క కనుబొమ్మ మీద తగిలింది. చర్మం విచ్చుకుని రక్తం కంట్లోకి, చెంప మీదికి, తెల్ల జెర్సీ మీదికి కారింది. రిఫరీ విజిల్ వేయలేదు. నేల తుడిచేవాళ్లు వచ్చి చెక్క మీది ఎర్ర మరకలు తుడిచి వెళ్లారు. చిన్నక్క కంటికి గుడ్డ అదుముకుని బెంచి మీద కూర్చుంది. ఆవిడ బదులు నేను దిగాను. నా చెవుల్లో ఏదో హోరు. ఆట కనిపిస్తోంది గానీ చప్పుళ్లేవీ వినబడటం లేదు.

మూడో క్వార్టర్లో ఆ అమ్మాయి మా రింగు కింద బంతితో ఎగిరింది. ఒక పక్క పెద్దక్క, ఇంకో పక్క నేను. ఆమె ఎక్కడ దిగుతుందో నాకు స్పష్టంగా కనిపించింది. నా పాదం అక్కడికి జరిపాను. పొరపాటున కాదు, కోపంలో తెలియకా కాదు. ఆమె మడమ నా బూటు మీద పడి పక్కకి ఒరిగింది. మొత్తం బరువుతో కుడి చేతి మీద పడింది. ఎండు కర్ర విరిగినట్టు చప్పుడైంది. మణికట్టు వంగకూడని వైపు వంగి ఉంది. ఆమె అరిచిన అరుపుకి అద్దాల అవతల నడుస్తున్నవాళ్లు ఆగిపోయారు.

రిఫరీ పరిగెత్తుకొచ్చి పెద్దక్క వైపు వేలు చూపించాడు. ఆవిడ పేరు అలాంటిది. బయటికి పొమ్మన్నాడు. పెద్దక్క నా వైపు ఒక్క క్షణం చూసింది. నేను నోరు తెరవలేదు. ఆవిడ తిరిగి గీత వైపు నడిచింది.

ఇంతలో అవతలి బెంచి మొత్తం మా మీదికి వచ్చింది. ఎవరో విసిరిన స్టీలు సీసా పెద్దక్క చెవి పక్కన తగిలి, ఆవిడ తూలింది. ఒకతి జుట్టు పట్టుకుంది, ఇంకొకతి వీపు మీద గుద్దింది. పెద్దక్క చేతులు కిందికి వదిలేసి నిలబడింది. ఆవిడ తిరిగి కొట్టకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నన్ను ఇద్దరు కింద పడేశారు. కడుపులో ఒక బూటు దిగింది, ఊపిరి ఆగిపోయింది. ఫొటోలు పెట్టిన బల్ల తలకిందులై అద్దాలు పగిలాయి. సెక్యూరిటీ వాళ్లు వచ్చి విడదీసేసరికి నా నోరంతా ఉప్పగా ఉంది. మ్యాచ్ ఆపేసి కప్పు వాళ్లకిచ్చారు.

చిన్నక్క కనుబొమ్మకి కుట్లు వేయించడానికి ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. వరండాలో బల్ల మీద కూర్చున్నాక, ఇక లోపల ఆపుకోలేక అన్నాను.

"అక్కా, కాలు పెట్టింది నేనే."

"నాకెర్క లేదా?" అంది పెద్దక్క.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలే?"

పెద్దక్క వాచిన చెవిని తడుముకుంది. తర్వాత మెల్లగా, పదేండ్ల కింద అయితే ఆ కాలు తనదే అయ్యేదని, నేర్పిన మనిషి తనేనని, అందుకే రిఫరీ వేలు చూపిస్తే కాదనబుద్ధి కాలేదని చెప్పింది.

కుట్లు వేయించుకుని బయటికొస్తున్న చిన్నక్కకి ఈ మాటలు వినబడ్డాయి. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. నా దగ్గరికొచ్చి చెంప మీద కొట్టింది. చెవి గుయ్యిమంది. వరండాలో ఉన్నవాళ్లందరూ తల తిప్పి చూశారు.

"రేపు పొద్దున్నే వెళ్లి రాసిచ్చిరా. చెయ్యని పనికి మా అక్కని బయటికి పంపించారు. ఆఖరి రోజున."

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి లీగు నిర్వాహకులకి కాగితం రాసిచ్చాను. వాళ్లు పెద్దక్క పేరు మీది శిక్ష తీసేశారు. నన్ను రెండు సీజన్లు ఆడకూడదన్నారు. ఆ అమ్మాయి మణికట్టుకి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారని తెలిసి చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. తలుపు ఆమే తీసింది. చెయ్యి మెడకి కట్టిన పట్టీలో వేలాడుతోంది. లోపలికి రమ్మనలేదు.

"కావాలనే చేశారు కదా?"

"అవునండి."

"సరే. ఇక వెళ్లండి," అంది. తలుపు వేసుకుంది. నేను తెచ్చిన పళ్ల సంచి చేతిలోనే ఉండిపోయింది. క్షమించమని అడగాలనుకున్న మాట మెట్లు దిగుతూ గుర్తొచ్చింది. మళ్లీ పైకెక్కడానికి ధైర్యం చాలలేదు.

మళ్లీ సన్మానం చేద్దామని క్లబ్బులో కొందరన్నారు. అక్కలిద్దరూ వద్దన్నారు. కుట్లు విప్పాక ఒక ఆదివారం ఉదయం మా సిమెంటు కోర్టు మీద చివరి ఆట ఆడతామన్నారు. ఇద్దరూ చెరో జట్టులో. అన్నేళ్లలో వాళ్లు ఎదురెదురుగా నిలబడింది లేదు. అతిథులు లేరు, దండలు లేవు. పెద్దక్క విజిల్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రిఫరీ నువ్వే. ఎవ్వర్నీ చూడకు. ఊదాల్నంటే ఊదు."

వాళ్లు ఒకళ్లనొకళ్లు కాపాడుకుంటూ ఆడతారనుకున్నాం. మొదటి బంతికే చిన్నక్క భుజంతో పెద్దక్క రొమ్ము మీద గుద్దింది. పెద్దక్క వెనక్కి పడి మోచేతులు దోక్కుపోయి, లేచి, తర్వాతి బంతికి ఆవిణ్ని ఇనుప స్తంభానికేసి నెట్టింది. ఒకళ్ల ఎత్తులు ఒకళ్లకి అంత బాగా తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఎక్కడ నొప్పో అక్కడే తగిలేది. చిన్నక్క చూడకుండా వదిలే బంతిని పెద్దక్క గాల్లోనే పట్టేసుకునేది. పెద్దక్క ఎటు తిరగబోతుందో చిన్నక్క ముందే అక్కడ ఉండేది. మోకాళ్లు అరిగిపోయిన ఇద్దరాడవాళ్లు చెమటతో, దుమ్ముతో, రొప్పుతూ కొట్టుకుంటున్నారు. చుట్టూ నిలబడ్డ మాలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటి ఆటకి చప్పట్లు చాలవనిపించింది.

ఆట చివర్లో చిన్నక్క రింగు కింద ఎగిరింది. పెద్దక్క చెయ్యి ఆవిడ మెడ మీద పడింది. పాత అలవాటు. విజిల్ నా పెదవుల మధ్య ఉంది. ఊదాను.

పెద్దక్క నా వైపు తిరిగింది. ఆవిడ కుడి చెయ్యి పైకెత్తి, తప్పు తనదేనని నిబంధన ప్రకారం చూపించింది.

చిన్నక్క మెడ రుద్దుకుంటూ గీత దగ్గర నిలబడి ఫౌలుకి దక్కిన రెండు బంతులూ రింగులో వేసింది. ఒక్క పాయింటుతో ఆమె జట్టు గెలిచింది. పెద్దక్క ఉన్నచోటే సిమెంటు మీద కూర్చుండిపోయింది. చిన్నక్క వచ్చి పక్కన కూర్చుని ఆవిడ మోకాలి పట్టీ విప్పింది. లోపల చర్మం నల్లగా కమిలి ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఎండ పెరిగాక, లేవలేకపోతున్న పెద్దక్కని నేనూ ఇంకొకమ్మాయీ చెరో చంక కింద చెయ్యి వేసి లేపాం.