నీటికాకుల కాపలా

అనూష పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఐదేళ్లుగా కొల్లేటి చేపల చెరువు గట్టు మీదే కాపురముంటోంది. ఆమె కూతురు చైత్రకు మూడేళ్లు. పక్క ఊళ్లో ఉండే నేను ఓ పొద్దున అటు వెళ్లి ఆ పిల్లను చూశాక ఊరుకోలేకపోయాను.

"ఏమ్మా, చుట్టూ ఇన్ని చేపలుండగా పిల్ల ఇలా చిక్కిపోయిందేం?"

"చేపలు చెరువు ఆసామివండీ పిన్నిగారూ. వలలేసే పట్టుబడి రోజున నాలుగు చిన్నవి ఇస్తారు. మిగతా రోజులు పచ్చడి మెతుకులే."

పిల్ల బరువు తక్కువని, రోజూ తీసుకొస్తే గుడ్డు, పాలు, పప్పన్నం పెడతామని అంగన్‌వాడీ టీచరు చెప్పిందట. అంగన్‌వాడీ రెండు మైళ్ల దూరం. భర్త నాగదుర్గారావు పొద్దున్నే మేత పడవెక్కి అవతలి చెరువులకు వెళ్లిపోతాడు. రోజంతా రేకు డబ్బా కొడుతూ నీటికాకుల్ని తోలడం ఈమె పని. గట్టు వదిలితే అవి చేపపిల్లల్ని మింగేస్తాయి. అప్పుడు కాపలా పనీ పోతుంది, ఆసామి ఇచ్చిన పాకా పోతుంది.

"ఇవాళ డబ్బా నేను కొడతాను, వెళ్లిరా" అన్నాను.

"మీరా? మిమ్మల్ని చూసి కాకులు నవ్వుతాయండీ!" అంటూనే పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. నా చేతులు పడిపోయాయి. చైత్ర మూతికి పచ్చసొన అంటుకుని ఉంది.

"మొత్తం తినేసిందండీ! ఇంకోటి కూడా అడిగింది."

"అమ్మా, రేపూ వెళ్దామా?" అంది పిల్ల.

అనూష నా వంక చూసింది. రేపు మా ఆయన్ని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మాట నా నోట రాకముందే ఆమె డబ్బా అందుకుని, నీటి మీద వాలుతున్న కాకుల వైపు తిరిగింది.